పద్నాలుగు పళ్ళు మింగిన బస్తా

బస్తా ఒక పూట తిండి తినడానికి పట్టే సమయం పంతొమ్మిది సెకన్లు. ఇది గాలిమాట కాదు. ప్లాస్టరు గట్టిపడే సమయం చూసుకోవడానికి కట్టుడుపళ్ళాయన తన పనిగదిలో పెట్టుకున్న చిన్న గంట గడియారంతో మూడుసార్లు కొలిచి తేల్చిన లెక్క. మొదటిసారి పంతొమ్మిది, రెండోసారి పంతొమ్మిది, మూడోసారి పదిహేడు. మూడోసారి గిన్నె ఇంకా నేలకి ఆనకముందే మొదలెట్టేసింది కాబట్టి అది చెల్లదని కొట్టిపారేశాడు. కొలతల దగ్గర ఆయన అంత నిక్కచ్చి మనిషి.

బస్తా అంటే బుల్‌డాగు పిల్ల. పిల్ల అనడం మాటవరసకే. తొమ్మిది నెలలకే నిండు బస్తాకి నాలుగు పొట్టి కాళ్ళు తగిలించినట్టు తయారైంది. మొహం చూస్తే ఎవరో విసురుగా తలుపేస్తుంటే మధ్యలో తల పెట్టినట్టు ఉంటుంది. పరుగు మొదలుపెట్టడం దానికి వచ్చు, ఆపడం రాదు. ఆ పని గోడకో, బీరువాకో, మనుషుల మోకాళ్ళకో వదిలేస్తుంది. పళ్ళాయన బావమరిది దాన్ని తెచ్చి, నోరు తిరగని పేరేదో పెట్టి, కొత్తగా చేరిన అపార్ట్‌మెంటులో కుక్కల్ని రానివ్వరని తెలిశాక, "నెల రోజులే అక్కా" అని అక్కగారింట్లో దింపి వెళ్ళాడు. ఆ నెల ఎప్పుడో దాటిపోయింది. ఫోను చేస్తే అందరి క్షేమమూ అడుగుతాడు, కుక్క ఊసు మాత్రం ఎత్తడు.

కట్టుడుపళ్ళాయన పళ్ళ డాక్టరు కాదు. ఈ తేడా చెప్పకపోతే ఆయనకి ఒళ్ళు మండుతుంది. డాక్టర్లు రోగి నోట్లో కొలత తీసి పంపిస్తే, దానికి ప్లాస్టరు అచ్చు పోసి, మైనంతో చిగుళ్ళు కట్టి, వాటిలో ఒక్కొక్క పన్నూ నిలబెట్టి, సెట్టు తయారుచేసి పంపేది ఆయన. ఇంటి ముందుగదే పనిగది. ఇరవై ఏడేళ్ళలో కొన్ని వేల నోళ్ళు ఆయన చేతిమీదుగా వెళ్ళాయి కానీ అన్నీ ప్లాస్టరు నోళ్ళే. ఊపిరి పీల్చే నోరు, నాలుక ఆడించే నోరు ఆయనకి అలవాటు లేదు. మాట్లాడే నోరు ఇంట్లో ఒకటుంది కానీ, అది చెప్పేది ఆయన చెవిన పెట్టేది తక్కువ.

ఆ నోరు ఆయన భార్యది. ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో టీచరు. ఆవిడ కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఎవరెంత కంగారుగా నడిపినా ఆవిడ కాలు దానిమీద మెత్తగా ఆనించి, "పరవాలేదు, మెల్లిగా, మెల్లిగా" అంటుంది. వీధిలో చాలామందికి ఆవిడే టీచరమ్మ.

ఇక తిండి సంగతికొస్తే, పళ్ళాయన బస్తాని చూసి నవ్వాల్సిన మనిషి కాదు. ఎడమచెయ్యి పళ్ళెం చుట్టూ కంచెలా వంచి పెట్టుకుంటాడు, తల వంచుతాడు, మళ్ళీ ఎత్తేసరికి పళ్ళెం ఖాళీ. నాలుగు నిమిషాలు. మంచిరోజైతే నాలుగున్నర. టీచరమ్మ తనకి వడ్డించుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేసరికి ఆయన చెయ్యి కడుగుతూ ఉంటాడు.

"ఎవరో తరుముకొస్తున్నట్టు ఏమిటండీ ఆ తినడం?" అంటుంది ఆవిడ.

"పనుంది" అంటాడు ఆయన.

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన పళ్ళెం ఖాళీ అయ్యేలోగా ఆవిడ పూర్తిచేసిన కబురు ఒక్కటీ లేదు. కూతురు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తల్లీకూతుళ్ళు కబుర్లాడుకుంటూ తినేవాళ్ళు. ఆ పిల్ల చదువుకని హాస్టలుకి వెళ్ళాక బల్ల దగ్గర ఆవిడ ఒక్కతే మిగిలింది. అప్పుడే బస్తా వచ్చింది. ఆవిడ తింటున్నంతసేపూ కాళ్ళ దగ్గర కూలబడి మొహంలోకే చూస్తుంది. అది చూసేది కబుర్ల కోసం కాదని ఆవిడకి తెలుసు. అయినా ఎవరో ఒకరు చూస్తున్నారు కదా అని, ఆ రోజు క్లాసుల్లో జరిగిందంతా దానికే చెప్పుకునేది. బేకరీ ఆవిడ కారుని రివర్సులో పెట్టి ఏం చేసిందో ఇంట్లో తెలిసింది బస్తా ఒక్కదానికే. పళ్ళాయన ఆ కథ "రివర్సులో పెట్టి" దాకానే విన్నాడు.

ఇలా ఉండగా ఒక బుధవారం అసలు గొడవ జరిగింది.

ఆ రోజు పనిబల్ల మీద ఒక పైదవడ సెట్టు మైనంలో సిద్ధంగా ఉంది. పద్నాలుగు పళ్ళు. ఎవరో రిటైరైన జడ్జిగారివట, ముందు రెండు పళ్ళ మధ్య చిన్న సందు ఉండాలని, చిన్నప్పటినుంచీ అలాగే నవ్వానని పట్టుబట్టారట. ఆ సందు కోసం పళ్ళాయన రెండు రోజులు తల బద్దలుకొట్టుకుని, ఆఖరికి తనకే ముచ్చటేసి, కాస్త దూరం జరిగి తల పక్కకి వంచి చూసుకుంటున్నాడు. ఆ దూరం జరగడమే ఆయన చేసిన తప్పు. నడవలోంచి బస్తా పరుగున వచ్చింది. ఆపే గోడ ఇంకా రాలేదు కాబట్టి ఆగలేదు. కుర్చీ మీదికి, కుర్చీ మీంచి బల్ల మీదికి. గుటుక్కుమని ఒక్క చప్పుడు. జడ్జిగారి నవ్వు సందుతో సహా లోపలికి పోయింది.

నమిలినా బావుండేదని ఆయన తర్వాత చాలాసార్లు అన్నాడు.

పశువుల డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి దీపం ముందు పెట్టింది. బస్తా కడుపులో పద్నాలుగు పళ్ళు, వరస చెదరకుండా, వంపు తిరిగి, తెల్లగా మెరుస్తూ కనిపించాయి.

"ఇన్నేళ్ళ సర్వీసులో కడుపుతో నవ్వే కుక్కని ఇదే చూడటం" అంది డాక్టరమ్మ.

పళ్ళాయన ఎక్స్‌రే దగ్గరికి వెళ్ళి కళ్ళద్దాలు సవరించుకుని, "ఆ సందు చూశారా, ఎంత బాగా కుదిరిందో" అన్నాడు. టీచరమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

నవ్వు అయ్యాక డాక్టరమ్మ గొంతు మారింది. "ఈసారి మెత్తటి మైనం కాబట్టి బతికిపోయాడు. వీడి మొహం చూశారుగా, ముక్కు ఎంత నొక్కుకుపోయిందో. మామూలుగా ఊపిరి తీసుకోవడమే వీడికి ఒక పని. అలాంటిది తిండితోపాటు గాలి కూడా మింగుతున్నాడు. పొట్ట ఉబ్బచ్చు, గొంతుకి అడ్డం పడచ్చు. ఏదో ఒకరోజు ప్రాణం మీదికొస్తుంది. తిండి మూడు పూటలకి పంచి పెట్టండి. తిన్నాక గంటసేపు గెంతనివ్వకండి. ఒక గిన్నె తినడానికి పది నిమిషాలు పట్టాలి."

"పది నిమిషాలా?" అన్నాడు పళ్ళాయన. అంతసేపు తినే ప్రాణి ఉంటుందని ఆయనకి నమ్మకం లేదు.

పద్నాలుగు పళ్ళూ మూడు రోజుల్లో బయటికి వచ్చాయి. ఎలా వచ్చాయి, ఎవరు లెక్కపెట్టారు అని అడగకండి. కొలతల దగ్గర ఆయన నిక్కచ్చి మనిషని ముందే చెప్పాను. వాటిని జడ్జిగారికి పెట్టలేదని మాత్రం గట్టిగా చెప్పగలను.

జడ్జిగారి సెట్టు మొదటినుంచీ మళ్ళీ కడుతూ కడుతూ పళ్ళాయన ఒక నిర్ణయానికి వచ్చి బావమరిదికి ఫోను చేశాడు. బావమరిది స్నేహితుడికి ఊరి చివర పెద్ద గోడౌను ఉంది, కాపలాకి నాలుగు కుక్కలున్నాయి. ఐదోది వస్తే సంతోషమే అన్నాడట. నాలుగూ ఒకే తొట్టిలో తింటాయట, ఏ ఇబ్బందీ ఉండదట.

టీచరమ్మ ఆ మాట విని కారు తాళాలు బల్ల మీద మెల్లిగా పెట్టింది. ఆవిడ అరిస్తే పళ్ళాయనకి భయం లేదు, మెల్లిగా ఉంటేనే భయం.

"నాలుగు కుక్కల మధ్యన ఒకే తొట్టిలో పెడితే ఇది ఇంకెంత తొందరగా మింగుతుందో ఆలోచించారా? వారం రోజులు బతకదండీ అక్కడ" అంది.

"నా పని సంగతి నువ్వు ఆలోచించావా? ఇవాళ పైదవడ మింగింది, రేపు కిందిదవడ మింగుతుంది."

"నాకు మూడు వారాలివ్వండి. మూడో ఆదివారం మీ గంట గడియారం పెట్టండి. పది నిమిషాలు కొట్టేదాకా ఇది తింటూ ఉంటే ఇక్కడే ఉంటుంది. అంతకుముందే గిన్నె ఖాళీ చేస్తే నేనే దగ్గరుండి కారెక్కిస్తాను. మళ్ళీ దాని పేరెత్తితే అడగండి."

పంతొమ్మిది సెకన్లని పది నిమిషాలు చెయ్యడం అంటే ఏమిటో లెక్క వేసుకుని పళ్ళాయన నవ్వాడు. "సరే" అన్నాడు. గెలిచే పందెం వద్దనే మనిషి ఎక్కడుంటాడు?

టీచరమ్మ మర్నాటినుంచే రంగంలోకి దిగింది. గిన్నె మధ్యలో పెద్ద బంతి పెట్టింది. బస్తా బంతిని నోటితో తీసి పక్కన పెట్టి, పని కానిచ్చింది. ఇరవై మూడు సెకన్లు. ఆ నాలుగు సెకన్లూ బంతికి పోయినవే. తిండిని పెద్ద పళ్ళెంలో పల్చగా పరిచింది. బస్తా ఆ చివరినుంచి ఈ చివరికి నేల తుడిచే గుడ్డలా ఒక్క ఊపులో వచ్చేసింది. బజారులో ఇలాంటి కుక్కల కోసమే అమ్మే అడుగున మెలికల గట్లున్న గిన్నె ఒకటి కొనుక్కొచ్చింది. బస్తా దాన్ని ఒకసారి వాసన చూసి, పంజాతో బోర్లా పడేసి, నేలమీద పడ్డది నేలమీదే తినేసి, ఖాళీ గిన్నెని నెత్తిన పెట్టుకుని ఇల్లంతా తిరిగింది. చేత్తో ఒక్కొక్క ముద్దా పెడితే మాత్రం ఏడు నిమిషాలదాకా వచ్చింది. కానీ ఆవిడ మొదటి క్లాసు పొద్దున ఆరున్నరకి. రెండో రోజు ముద్దతోపాటు వేలు కూడా వెళ్ళబోయింది.

వారం గడిచేసరికి ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది. పైకి ధీమాగానే ఉంది కానీ, బల్ల దగ్గర బస్తాకి కబుర్లు చెప్పడం తగ్గించేసింది. పోయేదానికి ఇంకా ఎందుకు దగ్గరవడం అనుకుందో ఏమో. పళ్ళాయన ఇది గమనించలేదు. గమనించేంతసేపు ఆయన బల్ల దగ్గర ఉంటే కదా.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఆవిడ క్లాసుకి వెళ్ళింది. బస్తా పనిగది గుమ్మంలో వెల్లకిలా పడి, నోరు బార్లా తెరిచి, ఇల్లు దద్దరిల్లేలా గురకపెడుతోంది. పళ్ళాయనకి ఆ గురక చికాకు పుట్టించింది. కసురుకుందామని లేచాడు. దగ్గరికి వెళ్ళాక ఆయన కళ్ళు ఆ నోట్లోకి వెళ్ళాయి. వెళ్ళాక మరి ఊరుకోలేదు. బల్ల మీద చిన్న అద్దం తీసుకుని, మోకాళ్ళమీద కూర్చుని, పెదవి మెల్లిగా ఎత్తి చూశాడు.

కిందిదవడ పైదవడకంటే బొటనవేలి గోరంత ముందుకు ఉంది. ముందుపళ్ళు ఒకదానికొకటి తగలడం లేదు. వెనక పళ్ళు తగలాల్సిన చోట తగలడం లేదు. ఇలాంటి నోరు మనిషికి ఉంటే డాక్టరు ఏ గట్టి పదార్థమూ తినవద్దనేవాడు.

"ఓరినీ, నమలడానికి నీ దగ్గర సరైన సామానే లేదు కదరా" అన్నాడు పళ్ళాయన పైకే.

అంతే, బుర్రలో పురుగు తొలవడం మొదలైంది. పందెం ఎవరిదో, ఎవరు గెలవాలో ఆయన మరచిపోయాడు. నోరు ఒకటి సరిగ్గా లేదు, దానికి తగ్గ వస్తువు చెయ్యాలి. ఇరవై ఏడేళ్ళుగా ఆయన పనే అది. ఒక ప్లాస్టరు పలక మీద మెత్తటి తిండి రాసి నాకించి, నాలుక వెడల్పు ఎంతో చూశాడు. మూడు వేళ్ళు. కాబట్టి తను చెయ్యబోయే గిన్నెలో మెట్టుకీ మెట్టుకీ మధ్య రెండు వేళ్ళే ఉండాలి, అప్పుడు నాలుక మడిచి తిప్పితే తప్ప తిండి అందదు. డాక్టర్ల ఫోన్లు మోగుతుంటే "ఇంకో రెండు రోజులండీ" అంటూ నీళ్ళు నమిలాడు. జడ్జిగారి సెట్టు పక్కకి జరిగింది.

మూడు రోజులకి గిన్నె తయారైంది. తేలిగ్గా తిరగబడకుండా అడుగున బరువైన ప్లాస్టరు, పైన చిగుళ్ళకి వాడే గులాబీరంగు పదార్థం. చేతికి వచ్చింది ఒకటే విద్య కాబట్టి, మధ్యలో మెట్లు కూడా పళ్ళలాగే వచ్చాయి. వరసగా దవడపళ్ళు, గుంటలతో, గట్లతో సహా. చూడటానికి ఏ రాక్షసుడో నిద్రపోయే ముందు తీసి పెట్టుకున్న కట్టుడుపళ్ళలా ఉంది.

టీచరమ్మ దాన్ని చూసి నోరెళ్ళబెట్టింది. "ఇది ఎవరి కోసం?"

"ఊరికే. చెయ్యి ఆడటానికి" అన్నాడు.

"ఎవరి పందెం కోసం ఎవరు చేస్తున్నారో తెలుసా మీకు?"

"పందెం సంగతి పందేనిదే. తప్పు నోరు చూస్తూ ఊరుకోలేను."

ఆ గిన్నె పనికిరాలేదు. లోతు ఎక్కువైంది. నొక్కుకుపోయిన మొహం లోపలికి పోదు, పళ్ళ మధ్యకి నాలుక అందదు. బస్తా కోపంతో గిన్నెచుట్టూ పదిసార్లు తిరిగి, ఆఖరికి పళ్ళాయన చెప్పు నమలబోయింది. ఆయన మొదటి గిన్నెని బీరువా మీద పడేసి, రెండోది మొదలుపెట్టాడు. ఈసారి పళ్ళెంలా వెడల్పుగా, లోతు తక్కువగా, పళ్ళు పొట్టిగా. వెనకమూల రెండు దవడపళ్ళ మధ్య సందు మాత్రం బాగా ఇరుకుగా పెట్టాడు. ఎందుకంటే చెప్పలేదు. జడ్జిగారి మీద అభిమానం కావచ్చు.

మొదటి పూట నాలుగు నిమిషాలు. పళ్ళాయన గడియారం చూసి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఆ చప్పుడికి బస్తా ఉలిక్కిపడి, మిగిలింది ఆవురావురుమని నాకేసింది. మర్నాడు ఐదు నిమిషాలు. ఆ తర్వాత ఎంతకీ కదల్లేదు. ఎందుకో ఆయనకి అంతుపట్టలేదు. గిన్నె సరిగ్గానే ఉంది, కొలత సరిగ్గానే ఉంది. అప్పుడు ఆయన గిన్నెని చూడటం మానేసి బస్తాని చూశాడు. ఆయన అటు నడిస్తే బస్తా కళ్ళు అటు, ఇటు వస్తే ఇటు. అడుగు దగ్గరగా పడితే ఒళ్ళంతా గిన్నె మీదికి వంచేసి, ఒక ముందుకాలు గిన్నెచుట్టూ వేసి, మింగే వేగం పెంచేస్తోంది.

ఆ కాలు చూసి పళ్ళాయన అలా నిలబడిపోయాడు. ఎక్కడో చూసినట్టుంది. ఎక్కడో కాదు, రోజూ రెండు పూటలా తన పళ్ళెం చుట్టూనే.

మర్నాడు గురువారం. బస్తా గిన్నె పెట్టి, ఆయన నాలుగడుగుల దూరంలో గోడకి ఆనుకుని నేలమీద చతికిలబడ్డాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏ పనీ చెయ్యకుండా కూర్చోవడం ఆయనకి పెళ్ళినాటినుంచి ఇదే మొదటిసారి కావచ్చు. బస్తా కాలు గిన్నె చుట్టూ వేసి ఆయన్నే చూస్తోంది.

"చూడకురా, నాకేం వద్దు నీది" అన్నాడు. "నువ్వు ఎనిమిది పిల్లల్లో ఆఖరివాడివట కదా, బావమరిది చెప్పాడు. మేం ఏడుగురం. మధ్యలో ఒకటే గిన్నె పెట్టేది మా అమ్మ. తలెత్తి చూశావా, అయిపోయినట్టే. నేను ఒకసారి తలెత్తాను. కిటికీలోంచి ఏదో పిట్ట కనిపించిందని. దించేసరికి గిన్నె అడుగు కనిపిస్తోంది. ఆరేళ్ళు నాకు. ఆ తర్వాత ఇంక ఎత్తలేదు." బస్తా నాలుక కొంచెం నెమ్మదించింది. "ఇక్కడ ఎవరూ లాక్కోరురా. మెల్లిగా తిను."

క్లాసు రద్దయి ముందే ఇంటికొచ్చిన టీచరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఒక చేతిలో కారు తాళాలు, ఇంకో చేతిలో విప్పిన చెప్పు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఎడమచెయ్యి చూస్తోంది, ఎందుకలా పెడతారని ఒక్కసారీ అడగలేదు. లోపలికి రాకుండా, చప్పుడు కాకుండా మళ్ళీ చెప్పులు వేసుకుని, వీధి చివరిదాకా ఊరికే నడిచి వచ్చింది.

ఆ పూట ఎనిమిది నిమిషాలు. శనివారానికి తొమ్మిదిన్నర. పది మాత్రం రాలేదు.

ఆదివారం పదకొండు గంటలకి గోడౌనాయన తాడు పట్టుకుని వచ్చేశాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, తాడు చేతికి చుట్టుకుంటూ నిలబడే ఉన్నాడు. టీచరమ్మ మొహం పాలిపోయింది. గిన్నెలో తిండి తనే కొలిచి వేసింది, ఎక్కువ వేసిందని ఎవరూ అనకుండా. పళ్ళాయన గంట గడియారం పది మీదికి తిప్పి, అలవాటుగా నాలుగడుగుల దూరంలో నేలమీద కూర్చున్నాడు.

బస్తా మొదలుపెట్టింది. ఒక వరస నాకింది, రెండో వరసకి నాలుక మడిచింది, గుర్రుమంది, ముక్కు చీదింది, మళ్ళీ మడిచింది. ఐదు నిమిషాలయ్యేసరికి గోడౌనాయనకి విసుగొచ్చింది.

"ఇదేంటండీ, తింటోందా, పరీక్ష రాస్తోందా?" అన్నాడు.

ఏడు నిమిషాలు. ఎనిమిది. తొమ్మిది అవుతుండగా బస్తా తలెత్తింది. మూతి నాక్కుంది. గిన్నె తళతళలాడుతోంది. టీచరమ్మ కళ్ళు మూసుకుంది. గోడౌనాయన చేతికి చుట్టిన తాడు విప్పడం మొదలుపెట్టాడు.

పళ్ళాయన పందెం గెలిచినట్టే. గెలిచినవాడు లేచి చెయ్యి కడుక్కోవాలి. ఆయన లేవలేదు. నేలమీద అలాగే ముందుకి వంగి, గొంతు తగ్గించి, దొంగతనం చేస్తున్నవాడిలా, "ఒరేయ్, వెనకమూల" అన్నాడు. వేలితో చూపించాడు. "ఆ రెండు దవడపళ్ళ సందులో చూడు. ఇంకా ఉందిరా. ఎవరూ లాక్కోరు. మెల్లిగా."

బస్తా వేలివంక చూసింది, వేలు చూపించిన చోటు చూసింది. ఇరుకు సందులో ఇరుక్కున్న ఒక్క మెతుకు కోసం తల పక్కకి తిప్పి, నాలుక చివర దూర్చి, తీసి, దూర్చి, మళ్ళీ తీసి, లోకంలో ఇంకో పని లేనట్టు కూర్చుంది. అది వచ్చేలోపే గంట ఖణేలుమంది.

గోడౌనాయన పళ్ళాయన వంకా, గిన్నె వంకా మార్చి మార్చి చూశాడు. "ఇది మా కాపలాకి పనికిరాదులెండి. ఇది తినడం పూర్తిచేసేలోగా దొంగలు గోడౌను ఖాళీ చేసేస్తారు" అని తాడు జేబులో కుక్కుకుని వెళ్ళిపోయాడు.

పళ్ళాయన గోడ పట్టుకుని లేచాడు, మోకాళ్ళు దులుపుకున్నాడు. భార్య తనవంకే చూస్తోందని తెలిసి, "గిన్నె ఎలా పనిచేస్తుందో చూద్దామనే" అన్నాడు. మొహం ఎర్రబడింది. ఆవిడ నవ్వు ఆపుకుంటూ "అవునవును" అంది.

మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే పళ్ళాయన వచ్చి చూస్తే, ఆయన చోటులో పళ్ళెం లేదు. బీరువా మీద పడేసిన మొదటి గిన్నె, శుభ్రంగా కడిగి, అన్నం, కూరా వడ్డించి, సిద్ధంగా ఉంది. రాక్షసుడి దవడపళ్ళ మధ్య ఒక్కొక్క గుంటలో కొంచెం కొంచెం. పక్కన గంట గడియారం.

"ఏమిటిది?" అన్నాడు.

"నోటికి తగ్గ వస్తువు" అంది. "ఒకదానికి నయమైంది. ఇంట్లో ఇంకో ప్రాణి మిగిలింది. కూర్చోండి."

ఆయన పెద్దగా నవ్వి కూర్చున్నాడు. అలవాటుగా ఎడమచెయ్యి గిన్నె చుట్టూ వచ్చింది. ఆవిడ ఎదురుగా కూర్చుని, చెయ్యి చాపి, ఆ ఎడమచేతిమీద వేసింది.

"ఇక్కడ ఎవరూ లాక్కోరండీ" అంది. "మెల్లిగా తినండి."

పళ్ళాయన నవ్వు ఆగిపోయింది. గురువారం ఆవిడ గుమ్మంలో ఉందని అప్పుడు అర్థమైంది ఆయనకి. ఇరవై రెండేళ్ళు ఈ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి తను ఒక్కడే తిన్నాడని, ఆరేళ్ళ నాటి గిన్నె ఎప్పుడో ఖాళీ అయిపోయినా తను ఇంకా దానికే కాపలా కాస్తున్నాడని తెలిసి, సిగ్గూ దుఃఖమూ కలిసి వచ్చాయి. కంచె మెల్లిగా విప్పి, చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఒక ముద్ద తిన్నాడు. రెండోది దవడపళ్ళ సందులోంచి వేలితో తీసుకోవలసి వచ్చింది. బల్లకింద బస్తా ఆవిడ మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఆవిడ తన పళ్ళెంలో కలుపుకుంటూ, దానికి చెబుతున్నట్టే మొదలుపెట్టింది.

"ఆ బేకరీ ఆవిడ లేదూ, మొన్న మళ్ళీ వచ్చింది. పోయినసారి ఏం చేసిందో తెలుసుగా, కారు రివర్సులో పెట్టి..."

అక్కడ ఆగింది. ఆయన లేచే చోటు అదే. ఇన్నేళ్ళ అలవాటు.

పళ్ళాయన తలెత్తి ఆవిడ వంక చూశాడు. గిన్నెలో ఇంకా సగం ఉంది.

"తర్వాత ఏమైంది?" అన్నాడు.